స్వామివారి వట్టివేళ్ళ తడికలు

మీ దేవుడికి వడదెబ్బ తగలడం మీరెప్పుడైనా చూశారా? తగువు పెట్టుకోవడానికి అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. బయట ఆరు డిగ్రీల చలి. సరస్సు మీంచి వచ్చే ఈదురుగాలి. హాల్లో హీటరు రొద, గోడ పొడవునా వేలాడుతున్న కోట్లు. వీటన్నిటి మధ్య నిలబడి నల్లరాతి విగ్రహానికి చలవ చేయాలని గంధం పూస్తున్నప్పుడు, ఆ గంధం మీ వేళ్ళకి జివ్వుమని తగల్లేదా? తగిలితే, ఇదంతా ఎవరి కోసమని ఒక్కసారైనా అనిపించలేదా?

మొన్న అక్షయ తృతీయ నాడు కెనడాలో, ఈ సార్నియాలో మా గుడిలో జరిగిన సంగతి చెబుతున్నాను. మా గుడి అన్నానని నవ్వకండి. దేవుణ్ణి నమ్మనని నేను ఈ ఊరు వచ్చిన మొదటి ఏడే చెప్పేశాను. ఇక్కడి కెమికల్ ప్లాంటు ల్యాబులో పనిచేసి రిటైరయ్యేదాకా ఆ మాట మీదే ఉన్నాను, ఇప్పుడూ ఉన్నాను. అయినా పండగ పూట నేను వెళతాను. పానకం కలిపేది నేనే. గుడి కమిటీ పెద్ద ఒకాయన ఉన్నారు, రిటైరైన పిల్లల డాక్టరు. దేవుడు లేడనే మనిషి చేతి పానకానికి ఇంత రుచి ఎలా వస్తుందని ఆయన ఏటా అదే జోకు వేస్తారు. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తాను గానీ మంత్రాలు వేయను కదా అని నేను ఏటా అదే జవాబు చెబుతాను.

ఈసారి గంధం పొడి ప్యాకెట్లలో వచ్చింది. మిక్సీ గిన్నెలో పన్నీరు పోసి తిప్పారు. విగ్రహం వెనక ఎవరో ఇండియా నుంచి తెచ్చిన చిన్న వట్టివేళ్ళ తడిక ఒకటి కట్టి, దాని మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లారు. నేను చూస్తున్నానని గమనించి డాక్టరు గారు పక్కకొచ్చారు.

"చందనంలో కూలింగ్ ప్రాపర్టీస్ ఉన్నాయండీ. ఇది సైన్సే."

"ఉంటే ఉండనివ్వండి. పేషెంటుకి టెంపరేచర్ ఎంతుందో చూశారా మరి?" అన్నాను.

పక్కన ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. మంచి మనిషి.

అప్పుడు తలుపు తెరుచుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. కాలేజీలో చదువుకుంటూ, ఊరికి ఆ చివర ఒక కాఫీ షాపులో పనిచేస్తోందట. పొద్దుటి షిఫ్టు దిగి, ఆదివారం బస్సు కోసం చూసి చూసి, విసిగి, యాభై నిమిషాలు నడిచి వచ్చింది. బూట్లు తడిసి ఉన్నాయి. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో ఆదరంగా ఆ పిల్ల చేతిలో ఐసు ముక్కలు వేసిన పానకం గ్లాసు పెట్టారు. వైశాఖ మాసం కదా, చలవ చేస్తుందని. ఆ పిల్ల కళ్ళకద్దుకుని తాగింది. పళ్ళు గ్లాసుకి తగిలి టకటకమన్న చప్పుడు నాకు వినపడింది. తాగేసి అడిగింది.

"ఆంటీ, ఇక్కడికెల్లి బస్సు ఎన్నింటికి ఉంటదో మీకేమన్నా తెల్సా? అయిదింటికి నాకు ఇంకో షిఫ్టు ఉంది."

ఎవరికీ తెలియదు. ఆ హాల్లో ముప్పయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాళ్ళం ఉన్నాం. బస్సు ఎప్పుడొస్తుందో ఒక్కరికీ తెలియదు. బయట పార్కింగు నిండా మా కార్లే. డాక్టరు గారు ఫోను తీసి, "క్యాబ్ బుక్ చేసుకోమ్మా, ఈజీగానే దొరుకుతుంది," అన్నారు. ఆ పిల్ల "సరే అంకుల్" అంది. ఆ సరేలో అర్థం నాకు తెలిసింది. నడిచే వెళుతుంది.

ఆ పిల్ల తెరిచిన తలుపు ఇంకా సరిగ్గా పడలేదు. ఆ సందులోంచి వచ్చిన గాలి హాలు దాటి, విగ్రహం వెనక తడిసిన వట్టివేళ్ళకి తగిలి, వెనక్కి తిరిగి నా ముఖం మీదికి వచ్చింది. గంధం వాసన నన్ను ఏమీ చేయదు. వట్టివేళ్ళ వాసన మాత్రం నన్ను తొమ్మిదేళ్ళ పిల్లని చేస్తుంది.

నేను పుట్టి పెరిగిన ఊరు రాతినేల. మాఘం దాటితే చాలు, మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. ఊరి మధ్య నరసింహస్వామి గుడి. ఆయన ఉగ్రమూర్తి కనుక ఎండాకాలం ఆయన్ని చల్లబరచడం మా ఊరికి రెండు నెలల పని. ఉగాది వెళ్ళగానే మొదలయ్యేది. గర్భగుడి ముందున్న మండపానికి మూడు గుమ్మాలు. మూడింటికీ వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. అవి పట్నం నుంచి బండి మీద చుట్టలుగా వచ్చేవి. పగలంతా వాటి మీద నీళ్ళు కొడుతూ ఉండాలి. లోపల స్వామికి ఇద్దరు వంతులేసుకుని విసనకర్రతో విసిరేవారు. నైవేద్యం కూడా ఆ రెండు నెలలూ మారిపోయేది. పులిహోర, పొంగలి పక్కకి వెళ్ళి నానబెట్టిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, దబ్బాకు నలిపి వేసిన మజ్జిగ వచ్చేవి. మాకు దేవుడి మీద భక్తి ఆ రెండు నెలలూ కొంచెం ఎక్కువ ఉండేది. పొంగలి మేమెక్కడైనా తినగలం. మండపంలో ఉన్నంత చల్లదనం ఊళ్ళో ఇంకే ఇంట్లోనూ లేదు.

అక్షయ తృతీయ ఈ మర్యాదలన్నిటికీ పతాక. ఆ పొద్దున ఏడాదిగా స్వామి ఒంటి మీద ఉన్న పాత గంధం వలిచి, స్నానం చేయించి, మధ్యాహ్నం దాకా నిజరూపం చూపించేవారు. మూడు జాములు దాటాక మళ్ళీ కొత్త గంధం పూసేవారు. ఆ గంధంలో మొదటి గిన్నె మా ఇంటిది. మా తాతల నాటి నుంచి మాది ధర్మకర్తల ఇల్లు. మొదటి గిన్నె నాయనమ్మ చేతుల మీదుగా వెళ్ళాలి. ఆ తరువాతే మిగతా ఇళ్ళ గిన్నెలు. ఈ హక్కు గురించి నాయనమ్మ నోరు తెరిచి గొప్పలు చెప్పుకోలేదు గానీ, ఆ పూట ఆవిడ నడక వేరేగా ఉండేది.

గంధం తీయడం పిల్లల వంతు కూడా. నాలుగు రోజుల ముందు నుంచే ఇంట్లో సానలు పరిచేవారు. గంధపు చెక్క అరచేతికి పట్టి, నీటి చుక్కలు వేసుకుంటూ గుండ్రంగా రాయాలి. గుండ్రంగానే ఎందుకు, అడ్డంగా రాస్తే ఏం అని అడిగాను నేను. నాయనమ్మ జవాబు చెప్పకుండా నా చెక్క లాక్కుని అడ్డంగా రాసి చూపించింది. సాన మీద గాడి పడింది, గంధం గరుగ్గా వచ్చింది. "చూశావుగా, ఇక నోరు మూసుకుని తియ్యి," అంది. నా తర్కానికి మొదటి గురువు ఆవిడే. ఆ మాట చెబితే ఆవిడకి కోపం వచ్చేది.

నాయనమ్మకి ఇంకో పని కూడా ఉండేది. గుడి ముఖద్వారం పక్కన తాటాకు పందిరి వేయించి చలివేంద్రం నడిపేది. ఇసుక కుప్పల్లో కుండలు, రాగి చెంబులు, మజ్జిగ కడవలు. వచ్చినవాళ్ళకి చెంబుతో ఇచ్చేవారు. వచ్చినవాళ్ళందరికీ కాదు. ఊరి చివరి గూడెం వాళ్ళకి చెంబు ఇచ్చేవారు కాదు. వాళ్ళని మా ఊరు ముట్టుకోదు. అందుకని పందిరి పక్కగా వెదురు దోనె ఒకటి కట్టారు, పొడవుగా, మనిషి కంటే పొడవు. లోపలి వైపు మనం నీళ్ళు పోస్తే, బయటి చివర వాళ్ళు వంగి దోసిలి పట్టి తాగాలి. దోసిట్లోంచి జారిపోయిన నీళ్ళు పశువులకని కింద ఒక రాతి తొట్టిలో పడేవి. పుణ్యం కోసం నీళ్ళు పోసే చోట, పోసేవాళ్ళకీ తాగేవాళ్ళకీ మధ్య ఎంత దూరం ఉండాలో వెదురుతో కొలిచి కట్టిన ఊరు మాది. అప్పుడు నాకది తప్పుగా అనిపించిందని చెబితే అబద్ధం. నీళ్ళు దోనెలో పరుగెత్తడం చూడటం నాకు సరదాగా ఉండేది. ఎవరొచ్చినా నేనే పోస్తానని చెంబు లాక్కునేదాన్ని.

ఆ మాసంలో దానాలు కూడా ఉండేవి. కుండ, గొడుగు, చెప్పులు, విసనకర్ర. ఎండలో పోయేవాడికి ఇవి ఇవ్వాలని ఎవరో తెలిసినవాడే ఎప్పుడో అనుకుని ఉంటాడు. కానీ మా ఊళ్ళో అవన్నీ అర్చకుల ఇంటికి చేరేవి. ఆ ఇంటి వరండా దూలానికి గొడుగులు గబ్బిలాల్లాగా వేలాడేవి. పాపం ఆయన గుడికీ ఇంటికీ మధ్య నడిచేది ఇరవై అడుగులు. అదీ చావడి నీడలో.

ఆ ఏడు తడికల మీద నీళ్ళు కొట్టే పని నాకు ఇచ్చారు. తొమ్మిదేళ్ళ పిల్లకి అది చిన్న గౌరవం కాదు. తెల్లవారుజామునే తలంటి, తడిబట్టతోనే గుడికి తీసుకెళ్ళింది నాయనమ్మ. గుడి వెనక బావిలోంచి నీళ్ళు తోడుకుని, ఎవర్నీ ముట్టుకోకుండా, మూడు గుమ్మాలకీ కొట్టాలి. ఆరిపోయిందంటే మళ్ళీ కొట్టాలి.

పొద్దెక్కే దాకా బాగానే సాగింది. తరువాత గుడి వెనక పరిచిన బండలు కాలాయి. బావి దాకా వెళ్ళాలంటే పెనం మీద నడిచినట్టే. ఎండాకాలం బావి కదా, చేద లోపలికి వేస్తే నీళ్ళు తగిలిన చప్పుడు ఎప్పటికో వినపడేది. మూడు సార్లు వెళ్ళాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాలుగోసారి ముఖద్వారం వైపు చూశాను. అక్కడ చావడి నీడ ఉంది. ద్వారబంధానికి ఆనుకునే దోనె కింది రాతి తొట్టి. నిండుగా, చల్లగా, గచ్చు మీంచి చెయ్యి చాచితే అందేంత దగ్గరలో.

ముంచాను. కొట్టాను. నీళ్ళు నీళ్ళే.

ఆ తరువాత మరి బావి వైపు వెళ్ళలేదు. తొట్టి దగ్గర కాబట్టి పని తేలికైంది, కాబట్టి ఎక్కువసార్లు కొట్టాను. తడికలు ఓడుతూనే ఉన్నాయి. మండపం లోపల చలి పుట్టింది. అర్చకుడు గారు బయటికి వచ్చి తడిక మీద చెయ్యి వేసి, నా తల వైపు చెయ్యి చాచి ఆశీర్వదించి, "ఇన్నేళ్ళలో స్వామి ఇంత చల్లగా ఉండటం నేను చూడలేదమ్మా. అంతా నీ చేతి చలవ," అన్నారు. నాయనమ్మ విని ఇటు తిరక్కుండానే సంతోషించింది. వీపు చూసి ఆ సంగతి చెప్పగలను నేను.

మధ్యాహ్నం రెండు దాటింది. గంధం గిన్నె సిద్ధంగా ఉంది. పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కలిపి, అరిటాకు మూసి, నాయనమ్మ పందిట్లో పీట మీద పెట్టుకుని కూర్చుంది. లోపల నుంచి పిలుపు రావడమే ఆలస్యం. అప్పుడు దోనె దగ్గరికి ఒక మనిషి వచ్చింది. ఊరి బయట రోడ్డుకి కంకర కొట్టే కూలిమనిషి. గూడెం ఆవిడ. కాళ్ళకి మోదుగాకులు తాళ్ళతో కట్టుకుంది. భుజం మీద రెండేళ్ళ పిల్లవాడు. నీళ్ళు పోయమని ఆవిడ అరవలేదు. దోసిలి పట్టింది. నేను పోశాను. ఆవిడ తాగకుండా ఆ నీళ్ళు పిల్లవాడి నోటికి పెట్టింది. నీళ్ళు ఒకవైపు నుంచి కారిపోయాయి. పిల్లవాడి తల వాలిపోయింది.

నాయనమ్మ లేచింది. ఆవిడకి ఏడుగురు పుడితే దక్కింది ముగ్గురు. పిల్లల తల ఏ వైపు ఎలా వాలితే ఏమిటో ఆవిడకి తెలుసు.

"చెమట పట్టిందా వాడికి?" అని అడిగింది దూరం నుంచే.

"పొద్దున పట్టిందమ్మా. ఇప్పుడు లేదు. ఒళ్ళు పెనంలాగ ఉంది," అంది ఆవిడ.

నాయనమ్మ మండపం వైపు చూసింది. అర్చకుడు గారు ఆ చూపు పట్టుకున్నారు. వెంటనే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి, వద్దమ్మా అన్నారు. అరుగు మీద కూర్చున్న ఊరి పెద్దలు ఇద్దరు కూడా లేచి నిలబడ్డారు.

"లోపలికి తేవట్లేదయ్యా. ఆ తడికలు ఇటు ఇప్పించండి," అంది నాయనమ్మ.

ఆయన కర్కోటకుడేం కాదు. ఆయన ముఖంలో బాధ ఉంది. కానీ ఆయనకి శాస్త్రం ఉంది. స్వామికి కట్టినవి బయటికి వెళితే, అందులోనూ వాళ్ళ మీదికి వెళితే, తిరిగి కట్టడానికి పనికిరావు. కొత్తవి పట్నం నుంచి రావాలి, అవి వచ్చేసరికి మృగశిర కార్తె వస్తుంది. ఉగ్రమూర్తిని అన్నాళ్ళు ఎండలో ఉంచితే ఊరికి ఏమవుతుందో చెప్పలేమన్నారు. పైగా గంధం వేళ అయింది. పెద్దల్లో ఒకాయన మర్యాదగానే హెచ్చరించాడు. ఆ పిల్లవాణ్ణి ముట్టుకుంటే ఆ చేతులతో గిన్నె ఎత్తడం కుదరదనీ, మొదటి గిన్నె పక్క ఇంటికి వెళుతుందనీ, ఒకసారి వెళ్ళిన హక్కు మళ్ళీ రాదనీ.

నాయనమ్మ గిన్నె వైపు చూసింది, పిల్లవాడి వైపు చూసింది. ఆవిడ తడబడింది. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను. తడబడలేదని రాస్తే ఆవిడ బొమ్మ అవుతుంది, మనిషి కాదు.

ఆ తడబాటులో నేను నోరు తెరిచాను. సాహసం కాదది. కొత్త తడికలు తెప్పించాల్సిన ఖర్మ ఎందుకని, సాయం చేద్దామనే అన్నాను.

"అవి పొద్దున్నించీ తొట్టి నీళ్ళతోనే తడుపుతున్నాను నాయనమ్మా. ఏం కాలేదు."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. తొట్టి నీళ్ళంటే గూడెం వాళ్ళ దోసిళ్ళలోంచి జారిన నీళ్ళు. వాళ్ళ చేతులు, వాళ్ళ పెదాలు తాకిన నీళ్ళు. వాటితోనే స్వామి పొద్దున్నుంచీ ఎన్నడూ లేనంత చల్లగా ఉన్నాడు. నా చెంప మీద నాయనమ్మ చెయ్యి పడింది. చెవి గింగిర్లెత్తింది. ఆ చెయ్యి అలాగే అర్చకుడు గారి వైపు తిరిగింది.

"పొద్దున్నుంచీ మైలపడ్డ స్వామి మీ చేత పూజ చేయించుకున్నాడుగా అయ్యవారూ. దాని చేతి చలవ అని మీరే అన్నారు. ఇంకొక పూట ఆగలేడా?"

ఆయన గుమ్మం లోంచి పక్కకి జరిగారు. ఆ జరగడానికి నేను ఈనాటికీ ఆయన్ని గౌరవిస్తాను. నాయనమ్మ తాళ్ళు తెంపి తడికలు లాగింది. బరువు. నేనూ ఒక చివర పట్టాను. పందిరి చుట్టూ నిలబెట్టి, అరిటాకులు పరిచి, పిల్లవాణ్ణి తల్లి చేతుల్లోంచి తనే తీసుకుని పడుకోబెట్టింది.

పిల్లవాడికి ఆ గంధం పూసిందా అని నన్ను చాలామంది అడిగారు. పూయలేదు. కథ చెప్పేవాళ్ళకి అది బాగుంటుంది. నాయనమ్మకి పని తెలుసు. బట్టలన్నీ విప్పి, తడిగుడ్డ చంకల్లో, మెడ మీద, గజ్జల్లో మార్చి మార్చి పెట్టింది. విసనకర్ర అంచు తడిపి తల్లి చేతికిచ్చి విసరమంది. నన్ను తడికల మీద నీళ్ళు కొట్టమంది. ఏ నీళ్ళని అడిగాను. "ఏవి దగ్గరుంటే అవి," అంది. పిల్లవాడు కనురెప్ప కదిపాక, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉగ్గుగిన్నెతో చుక్కలు చుక్కలుగా పోసింది.

లోపల మేళం మొదలైంది. పక్క ఇంటి గిన్నె వెళుతోందన్న మాట. నలభై ఏళ్ళుగా తన చేతుల మీదుగా జరిగినది వేరే చేతుల మీదుగా జరుగుతున్న చప్పుడు అది. నాయనమ్మ తల తిప్పలేదు. కానీ పెదాలు కదిలాయి. ఎన్ని చుక్కలు పోశానో లెక్కపెట్టుకున్నానని ఆవిడ తరువాత చెప్పింది. నేను నమ్మలేదు.

పొద్దు వాలుతుండగా పిల్లవాడు నాయనమ్మ ఒళ్ళో మూత్రం పోశాడు. మడికట్టు పట్టుచీర మీద. పండగకి తప్ప కట్టని చీర. నాయనమ్మ ముఖం వెలిగిపోయింది.

"పోశాడే. ఇక బతికాడు వీడు," అంది.

తల్లి హడలిపోయింది. "అమ్మా, మీ చీర..."

"ఉతుక్కుంటే పోతుందిలే. ఇంకో గిన్నె మజ్జిగ పట్టు."

నా జీవితంలో చూసిన మంగళకరమైన ఘడియ ఏదంటే అదే చెబుతాను. ఒళ్ళు చల్లబడి, లోపల నీళ్ళు నిలిచి, పిల్లవాడి శరీరం మళ్ళీ పనిలోకి దిగింది. అక్షయమంటే నాకు ఆ తడి చీరే.

ఇక్కడితో ఆపితే నాయనమ్మ సంస్కర్త అయిపోతుంది. కాలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తలమీంచి నీళ్ళు పోసుకుంది, నా తల మీద కూడా పోసింది. గూడెం వాళ్ళ ఇంట ఆవిడ ఎన్నడూ తినలేదు. మొదటి గిన్నె పోయినందుకు ఏడ్చింది కూడా, వంటింట్లో, నేను నిద్రపోయాననుకుని. స్వామికి ఆ వేసవి అంతా తడికలు లేవు. గుమ్మాలు బోసిగా ఉన్నాయి. ఉగ్రమూర్తికి కోపం రాలేదు. వానలు ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చాయి, ఊళ్ళో చావవలసిన ముసలివాళ్ళు తప్ప ఎవరూ చావలేదు. నేను రోజూ గమనించాను. ల్యాబులో అడుగుపెట్టకముందే, తెలియకుండా, సోమరితనంతో, ఒక ప్రయోగం చేసి దాని ఫలితం కూడా నమోదు చేసుకున్నదాన్ని నేను.

మరుసటి ఏడు చలివేంద్రం పందిరి చుట్టూ అవే తడికలు కట్టించింది నాయనమ్మ. వెదురు దోనె కనపడలేదు. ఎక్కడికి పోయిందని పెద్దలు అడిగితే పుచ్చిపోయిందని చెప్పింది. పుచ్చిపోలేదు. ముక్కలు చేసి బెల్లం కాచే పొయ్యిలో పెట్టడం నేను చూశాను. ఆ ఏడు పానకం ఆ మంట మీదే తయారైంది. గూడెం వాళ్ళకి ఏ చెంబుతో ఇచ్చిందంటారా? కొత్త చెంబు కొంది, వాళ్ళకి వేరే. అదీ ఆవిడ నడిచిన దూరం, అంతే. వెదురు పొడవు నుంచి చెంబు దాకా. ఆ చెంబుని పోగొట్టడం నా తరం పని. అందుకే నేను మాట్లాడతాను, రాస్తాను, పండగ పూట గుడికొచ్చి మరీ తగువు పెట్టుకుంటాను.

ఇప్పుడు అర్థమైందా నా మొదటి ప్రశ్న? శరీరాన్ని ఎలా చల్లబరచాలో మా ఊరికి మొత్తం తెలుసు. తడిక, విసనకర్ర, మజ్జిగ, ఉప్పు, నీడ. ఒక్క వస్తువు తక్కువ లేదు. అదంతా తెలిసిన చేతులు రాయిని చల్లబరుస్తుంటే, ద్వారం బయట పిల్లవాడి ఒళ్ళు కాలుతోంది. ఆ ఊరు ఇప్పుడు అలా లేదు. గుడికి ఏసీ పెట్టారట, తడికలు ఎవరూ కట్టడం లేదట. నాయనమ్మా లేదు. కానీ ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడటం మాత్రం మనం ఇంత దూరం మోసుకొచ్చాం, కోట్లు వేసుకుని.

సార్నియా గుడిలో ఆ అమ్మాయి తడి బూట్లు తొడుక్కుంటోంది. నేను పానకం గరిటె పక్కన పెట్టి తాళాలు తీసుకున్నాను. డాక్టరు గారు, హారతి కానివ్వండి, అయిదు నిమిషాలే కదా అన్నారు.

"తడికలు కావాలి డాక్టరు గారూ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తరువాత చెబుతానన్నాను.

కారులో హీటరు పెద్దది చేసి, సీటు వెచ్చబెట్టి, ముందు మా ఇంటికి తీసుకెళ్ళి మా ఆయన పాత ఉన్ని మేజోళ్ళు ఇచ్చాను. అల్లం టీ ఫ్లాస్కులో పోశాను. ఈ ఊళ్ళో చలివేంద్రం అంటే అదే. దారిలో ఆ పిల్ల పెద్దగా మాట్లాడలేదు. పని చేసే చోటు దగ్గర దిగుతూ అంది.

"ఆంటీ, గుడికి ఎందుకొస్తనో తెల్సా? దేవుడి కోసమే అని కాదు. తెలుగు వినిపిస్తదని. కానీ ఒచ్చేటప్పుడు ఒక్కదాన్నే, పోయేటప్పుడు ఒక్కదాన్నే."

ఆ రాత్రే డాక్టరు గారికి ఫోను చేసి ఈ కథంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తరువాత, పిల్లల డాక్టరు కదా, "యూరిన్ పాస్ చేశాడంటే సేఫ్ అండీ, మీ నాయనమ్మ గారు కరెక్ట్," అన్నారు. ఫోను పెట్టేసే ముందు, "ఆ అమ్మాయి నంబరు ఉందా మీ దగ్గర?" అని అడిగారు.

ఉంది. మీ ఊళ్ళోనూ అలాంటి నంబర్లు ఉన్నాయి. బర్నబీలో, ఓక్‌విల్‌లో, బస్సు రాని ప్రతి చోటా. గొడుగులు గొడుగులున్నవాళ్ళ ఇంటికే చేరే దానాలు ఇక చాలు. ఋతువు ఏదో కిటికీలోంచి చూసి, ఆ ఋతువులో నడుస్తున్నది ఎవరో చూసి, వాళ్ళకి కావలసింది ఇవ్వండి. దేవుడున్నాడని మీరు నమ్మితే ఆయన కాసేపు ఆగగలడు, నేను చిన్నప్పుడే పరీక్షించి చూశాను. వచ్చే ఆదివారం పట్టుచీర కట్టుకుని గుడికి బయల్దేరే ముందు ఫోను తీయండి. ఒక్క పిల్లకి మెసేజ్ పెట్టండి, ఎక్కడున్నావమ్మా, వస్తున్నా అని. పెట్టి ఊరుకోకండి. వెళ్ళి తీసుకురండి, మళ్ళీ దింపిరండి.